ఒర్రె అవతలి చెలక

నెత్తిమీద పెట్టినప్పుడు మన్ను చల్లగానే ఉంది. బావిలో మునిగి వచ్చి తడి ధోవతితో తూర్పు గెట్టు మీద నిలబడితే, ఊరిపెద్ద యాకయ్య తాత గడ్డపారతో ఎర్రమట్టి పెళ్ల ఒకటి లేపి, తడి తువ్వాలలో చుట్టి, నా తల మీద పెట్టి చేతులు తీసేశాడు. ఇక నడవాలి. నోరు తెరవకూడదు, వెనక్కి చూడకూడదు, దించకూడదు, పెళ్ల చిట్లి కింద పడకూడదు. బయలుదేరిన చోటికి తిరిగి వచ్చేదాకా నా కాళ్లు పోయిన దారే ఈ భూమికి హద్దు, దాని తర్వాత కోర్టు లేదు కచేరీ లేదు. దొంగ హద్దు నడిచినవాడి ఇంట్లో ఏడాది తిరక్కుండా దీపం ఆరిపోతుందని మా దిక్కు నమ్మకం. చిల్పూరు గుట్ట మీది వెంకన్న చూస్తుంటాడని, అందుకే మొదటి అడుగు గుట్ట వైపు వేయాలని. వేశాను. దేవుడు లేడని సభల్లో చెప్పినవాణ్ణి, అసెంబ్లీ మెంబరును, గుట్టకు ఎదురుగా అడుగు వేశాను. నేను నమ్మను. కానీ చూడ్డానికి వచ్చిన ఊరంతా నమ్ముతుంది, ఆ ఊళ్లో అండాలు ఉంది, నా భార్య, ఐదో నెల.

మట్టినీళ్లు నుదుటి మీదుగా దిగి కనురెప్పల దగ్గర ఆగుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, రెప్ప కొట్టుకుంటూ నడుస్తున్నాను. గెట్టు మీద ఎండిన గరిక కాలికి గుచ్చుకుంటోంది. నాకు రెండు వైపులా కొంచెం దూరంగా జనం కూడా నడుస్తున్నారు, గొర్రెల మందను తోలుతున్నట్టు కాదు, మందే నన్ను తోలుతున్నట్టు. మా నాయిన గొర్లు కాశాడు, నేనూ కాశాను, మందలో ఉన్నవాడికి మంద మనసు తెలుస్తుంది. ఇప్పుడు ఈ మంద నా వైపా, నన్ను తప్పుపట్టే వైపా అనేది ఇంకా తేల్చుకోలేదు. ఆడవాళ్లలో ఎవరో అంటున్నారు, మెంబరైనంక గూడ గీ మట్టి మోసుడేందే అని. ఇంకెవరో, అసెంబ్లీల మాట్లాడకుంట గూసున్నోనికి మాట్లాడకుంట నడిచుడు ఒక కట్టమా అని. నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, నవ్వితే మన్ను కదులుతుంది, బిగబట్టుకున్నాను. ఆ మాటలో అబద్ధం లేదు.

ఇదంతా నిన్న చావడిలో ఒక్క మాట మీద వచ్చింది. మావి రెండు రకాల భూములు. ఒర్రెకు, ఎండాకాలం ఎండిపోయే ఆ చిన్న వాగుకు, ఇవతలి పొలాలు తాతల నాటి కౌలు, కొత్త కౌలు చట్టం వచ్చాక వాటి జోలికి దొర కూడా రావడం లేదు. పేచీ అంతా ఒర్రె అవతలి చెలకది, వాన మీద పండే మెట్ట నేలది. పట్టా దొర పేరున ఉంది. సంఘం నడిచిన రోజుల్లో దాన్ని పంచింది మేము, మిలిటరీ వచ్చాక దొర మళ్లీ గుంజుకున్నాడు, నిరుడు నేను గెలిచాక మావాళ్లు మళ్లీ నాగళ్లు కట్టారు. ఇప్పుడు రోహిణి కార్తె వెళ్లిపోతోంది, ఒక్క వాన పడితే అందులో ఎవరి నాగలి దిగాలి అన్నది తేలాలి. తహసీలు నుంచి వచ్చిన అధికారి కుర్చీలో కూర్చుని మీ దగ్గర కాగితముందా అని అడిగాడు. భూమి పంచినప్పుడు మేము కాగితం రాయలేదు, కాగితం మమ్మల్ని కాల్చుకు తిన్న వస్తువు, దాన్ని మళ్లీ ఇంట్లోకి ఎవరు తెచ్చుకుంటారు. అప్పుడు దొర చిన్న కొడుకు సుదర్శన్, హన్మకొండలో వకీలు, తెల్ల పైజామా వేసుకుని గోడకు ఆనుకుని ఉన్నవాడు, నవ్వుతూ అన్నాడు.

“కాగితం లేకుంటె మన్ను మొయ్యుండ్రి. మీ మెంబర్ సాబ్‌నే మొయ్యమనుండ్రి. ఆయన కాళ్లు యాడికి పోతె ఆడ్నే నా రాళ్లు పాతిస్త.”

అందరూ నవ్వారు, మావాళ్లు కూడా. పార్టీ మనిషి మన్ను మోస్తాడా, మోస్తే పేపర్ల వాళ్లు ఊరుకుంటారా, అదీ అతని లెక్క. కానీ చదువు కోసం చిన్నప్పుడే ఊరు విడిచిన మనిషి, తాను అన్న మాట ఎలాంటిదో అతనికి తెలియదు. యాడ తొక్కితే ఆడ రాయి అని పెద్దల ముందు ఒకసారి అన్నాక అది వాపసు పోదు, అన్నవాడికీ విన్నవాడికీ. యాకయ్య తాత నవ్వు ఆపి నా వైపు చూశాడు. నేను భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకుని, రేపు పొద్దుగాల అన్నాను. సుదర్శన్ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, ఎద్దుల మెడ మీంచి తీయడం మరిచిపోయిన కాడిలాగ.

మెడ ఇప్పుడు తెలుస్తోంది. ఎడమ వైపు, చెవి కింద. రజాకార్లు జనగామలో పట్టుకున్నప్పుడు తుపాకి మడమతో కొట్టిన చోటు. దొర గడి నుంచి తీసి పంచిన వడ్లు ఏ ఇళ్లలో ఉన్నాయో చెప్పమని కొట్టారు. నేను చెప్పలేదు, అందులో గొప్పతనం కూడా ఏం లేదు, నాకు మాట త్వరగా రాదు, ఆలోచించుకునే లోపల వాళ్లే విసిగిపోయారు. బయటికి వచ్చాక ఊరు నన్ను భుజాల మీద మోసింది. నోరు మెదపని మొగోడు అన్నారు. అలా అన్నవాళ్లే ఇప్పుడు అసెంబ్లీల నోరు మెదపడు, ఎందుకు పంపినమో అంటున్నారు. నోరు అదే. చోటు మారింది. పట్నంలో ఆ పెద్ద హాలులో ఉర్దూలో ఒకరు, ఇంగ్లీషులో ఒకరు, మరాఠీలో ఒకరు లేస్తూ కూర్చుంటూ ఉంటే నేను వాళ్ల చేతులు చూస్తూ ఉంటాను. ఎవరి చేయి నాగలి పట్టింది, ఎవరి చేయి పట్టలేదు, ఎవరిది పట్టి మరిచిపోయింది. మొదటి రోజు చెప్పులు తలుపు బయట విడిచి లోపలికి పోయాను, మర్నాడు పేపర్లో వచ్చింది. గడి ముందు చెప్పులు విడిచేది లేదని కొట్లాడినోళ్లు అసెంబ్లీ ముందు విడిచారని. పార్టీ ఆఫీసులో ముఖాలు మాడ్చుకున్నారు, వివరణ ఇవ్వమన్నారు. వివరణ ఏముంది, కొత్త చెప్పులు, మడమ కొరికాయి. ఆ మాట చెబితే ఎవరూ నమ్మలేదు, పేపరు వాడు మాత్రం వంగి నా మడమ చూసి నవ్వాడు, కానీ రాయలేదు.

పడమటి మూలకు వచ్చాను, ఇక్కడ గెట్టు వంపు తిరుగుతుంది, వంపులో కాలు జారకుండా వేళ్లతో నేలను పట్టుకుని తిరిగాను. ధోవతి తొడల దగ్గర ఆరిపోతోంది. మోదుగు చెట్టు నీడలో పార్టీ ఆఫీసు శ్రీపాల్ ఉన్నాడు, కళ్లద్దాలు తుడుచుకుంటూ. నన్ను ఆపడానికే పట్నం నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాడు. అతణ్ణి పిరికివాడు అననివ్వను, మిలిటరీ కాలంలో మానుకోట నుంచి పెద్దవంగర దాకా మా చీటీలు అంగీ మడతల్లో పెట్టుకుని తిరిగిన మనిషి, పట్టుబడితే కాల్చేసేవాళ్లు. పొద్దున బావి దగ్గర నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు, ఉప్పలన్నా, మనమే మన్ను మోస్తే రేపు ప్రతి దొరా దేవుని ముంగట నిలబెడ్తడు, చట్టం కోసం కొట్లాడుడు ఏమైతది అని. నిజమే. అతను చెప్పేది ఎప్పుడూ నిజంగానే ఉంటుంది. నేను మునగడానికి లేస్తుంటే ఇంకా మెల్లగా, సరే నడుస్తే నడువు, ఒర్రె కాడ మర్లు, అవతలి చెలక ఇడిసిపెట్టు, ఇవతలిది ఎట్లాగు దొర ఒప్పుకున్నదే, నీ మాట దక్కుతది, దొర మాట దక్కుతది, పేపర్ల రాసెటోనికి ఏం దొరకదు అన్నాడు. అదే మాట యాకయ్య తాత రాత్రే ఇంటికి వచ్చి అండాలుతో చెప్పి పోయాడట. అంటే నేను ఒర్రె దగ్గర తిరుగుతానని అందరూ అనుకుంటున్నారు. సుదర్శన్ కూడా. ఒర్రె గట్టు మీదే రాళ్లు కుప్ప పోయించి, గొడుగు కింద నిలబడి చూస్తున్నాడు.

అండాలు ఏమనుకుంటుందో తెలియదు. పొద్దున జొన్న గట్క కలిపి ముందు పెట్టింది, తిన్నంతసేపూ గడపకు ఆనుకుని నిలబడింది. ఇద్దరు పిల్లలు పోయారు మాకు, ఒకరు నేను అడవిలో ఉన్నప్పుడు, ఒకరు జైలులో ఉన్నప్పుడు, ఇద్దరినీ పూడ్చిన చేతుల్లో నా చేతులు లేవు. ఆమె గుట్ట ఎక్కి మొక్కి వచ్చి కడుపు నిలుపుకుంది. వద్దు అంటే ఆగేవాణ్ణా? తెలియదు. వద్దనలేదు. పో అనలేదు. చేయి కడిగాక తువ్వాల అందించింది, అంతే, మా ఇంట్లో మాట్లాడని మనిషి నేనొక్కణ్ణే కాదు.

మన్ను వేడెక్కుతోంది. తల మీద ఇది ఒక ప్రాణిలాగ బరువు మార్చుకుంటోంది, ఒకసారి ముందుకు, ఒకసారి పక్కకు. భూపాలపల్లి అడవిలో రెడ్యాను ఇలాగే మోశాను, భుజం మీద, జ్వరంతో కాలిపోతూ ఒకసారి ఇటు ఒకసారి అటు వాలిపోతుంటే. తండా మనిషి, అడవి వాడికి ఇల్లు, ఏ చెట్టు కింద నీళ్లున్నాయో వాసనతో చెప్పేవాడు, దోమ కాటుకు పడిపోయాడు. అంతకు ముందే పై నుంచి మాట వచ్చింది, తుపాకులు దించమని. దళంలో కొందరు ఏడ్చారు. రెడ్యా ఏడవలేదు, తునికి పండు చీకుతూ అడిగాడు, తుపాకి ఇచ్చినంక మన మాట ఎవడింటడే. నోరుంది గద అన్నాను. వాడు పండు గింజ ఉమ్మి నా ముఖంలోకి చూసి, “నీకా?” అన్నాడు. జ్వరంలో కూడా ఆ నవ్వు నవ్వాడు. కాళేశ్వరం కింద గోదావరి ఇసుకలో పూడ్చిపెట్టి వచ్చాను వాణ్ణి. నేను బయటికి రాగానే పట్టుకుని జైలులో వేశారు, ఎలక్షన్ల నాటికి జైలులోనే ఉన్నాను, ఎదుటివాళ్లు కరపత్రం వేశారు, తోటివాణ్ణి పోలీసులకు అప్పజెప్పి ప్రాణం దక్కించుకున్న ఉప్పలయ్యకు ఓటా అని. నేను జవాబు రాసి పంపలేదు. రెడ్యా తల్లి మోతీబాయి మానుకోట సభకు నడిచి వచ్చిందట, నేను లేనని వేదిక మీద ఖాళీ కుర్చీ పెడితే పోయి అందులో కూర్చుందట, సభ అయ్యేదాకా లేవలేదట. అది విన్న రోజు జైలు గోడకు తల ఆనించి నిలబడ్డాను. ఇప్పటికీ పేపర్లు ఆ కరపత్రంలోది అప్పుడప్పుడు తీసి రాస్తాయి. రాసుకోనీ. ఆమె కూర్చుంది.

అసెంబ్లీలో నేను లేచింది ఒక్కసారే. అవతలి పక్క ఒక పెద్దమనిషి జనగామ దిక్కు చెలకల గురించి మాట్లాడుతూ గూండాలు గుంజుకున్న భూములు అన్నాడు. లేచాను. హాలంతా నా వైపు తిరిగింది, వీడికి నోరుందా అని. గుంజుకోలే, వాపసు తీసుకున్నం అన్నాను. వాపసు అనే మాట మీద గోల అయింది. ఎవరిది ఎవరికి వాపసు అని. స్పీకరు ఆ మాట వెనక్కి తీసుకోమన్నాడు. నిలబడ్డాను. మళ్లీ అడిగాడు. నిలబడ్డాను. పొద్దుగూకేదాకా బయట ఉండమన్నాడు. బయటికి వచ్చి చెట్టు కింద బీడీ ముట్టించాను. మావాళ్లు కూడా ఒకరిద్దరు వచ్చి, ఆ ఒక్క మాట తీసేస్తే ఏం పోతది అన్నారు. ఏం పోతుందో అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు చూస్తున్నాను, అదిగో, ఒర్రె అవతల.

ఒర్రెలో ఇప్పుడు నీళ్లు లేవు, ఇసుక తెల్లగా మెరుస్తోంది. అవతలి గట్టు మీద చెలక, ఎర్రటి నేల, దుక్కి దున్ని వానకు ఎదురుచూస్తున్నది. నేలలో అక్కడక్కడా నల్లటి మచ్చలు ఇంకా ఉన్నాయి, తుమ్మ మొద్దులు పెకిలించి కాల్చిన చోట్లు. నేను చిన్నప్పుడు అక్కడ మేక కూడా దూరేది కాదు. దొర వెట్టికి ఊళ్లో మనిషికో రోజు చొప్పున పట్టించి ఆ తుమ్మ కొట్టించాడు, కొన్ని ఎండాకాలాలు పట్టింది. అండాలు తండ్రికి అక్కడే ముల్లు దిగి, చీము పట్టి, మోకాలి దాకా కాలు తీసేశారు. అండాలు పిల్లగా ఉండి తుమ్మ మండలు తల మీద మోసి ఒర్రె దాటించేది, నెత్తిన చుట్టకుదురు లేకుండా, ఇప్పటికీ పాపట దగ్గర ఆ గీతలు ఉన్నాయి, వెంట్రుకలు మొలవని చోట్లు. పట్టా ఎవరి పేరున ఉంటేనేమి. దొంగ హద్దు అంటే ఏది? దొర రాయించుకున్నదా, నేను తొక్కబోయేదా? గుట్ట మీది వాడు నిజంగా ఉంటే, నిజంగా చూస్తుంటే, ఆ ఎండాకాలాల్లో కూడా చూసే ఉంటాడు కదా. ఇది మొక్కు కాదు. అడుగుతున్నాను, అంతే.

చిలుకమ్మ అవతల ఒక్కతే ఉంది. మొగుడు లేని మనిషి, ఆమెకు వచ్చిన ముక్క ఒర్రెకు ఆనుకునే ఉంటుంది. ఊరంతా ఇవతల నిలబడి నన్ను చూస్తుంటే ఆమె నావైపు చూడకుండా తన చెలకలో రాళ్లు ఏరుతోంది, కొంగులో వేసుకుంటోంది, గట్టు మీద పోస్తోంది. బతిమాలడానికి రాలేదు. నేను ఒర్రె దగ్గర తిరిగితే రేపు ఆ చెలకలో కాలు పెట్టడానికి ఉండదని తెలుసు. అయినా రాళ్లు ఏరుతోంది.

ఒర్రె గట్టు వచ్చేసింది. జనం ఉత్తరం వైపు జరిగి దారి ఇచ్చారు, నేను అటు తిరుగుతానని. యాకయ్య తాత కర్ర ఆ వైపే చూపిస్తోంది. శ్రీపాల్ నీడలోంచి రెండడుగులు ఎండలోకి వచ్చాడు. సుదర్శన్ మనుషులు మొదటి రాయిని అప్పుడే లేపి పట్టుకున్నారు. అందరి ముఖాల్లోనూ పని అయిపోయిందన్న సడలింపు. తిరగడం తేలిక. మెడ కూడా అటే తిరగాలంటోంది. నేను నేరుగా ఒర్రెలోకి దిగాను.

ఇసుక పాదాలను కాల్చింది. వెనక నుంచి సుదర్శన్ గొంతు. మెంబర్ సాబ్, హద్దు గటు గాదు. ఇంకా దగ్గరగా, ఊరి మనిషి గొంతే, దొర జీతగాడు ఎవరో గట్టిగా, అందరికీ వినబడేట్టు అన్నాడు.

“దొంగ మన్ను మోస్తున్నడు. ఇల్లు మునుగుతది, కడుపుల పిండం నిలువది.”

ఆ మాట అండాలు విన్నది. వినాలనే అన్నారు. నేను వెనక్కి చూడకూడదు. ఆమె ముఖం ఎలా అయిందో, చేయి కడుపు మీదికి పోయిందో, కూలబడిందో, ఏదీ చూడకూడదు. ఇన్నేళ్లలో దెబ్బలు తిన్నప్పుడు కూడా ఇంత గట్టిగా దవడ బిగించలేదు. ఇసుకలో అడుగు వేస్తున్నాను, ఇంకో అడుగు, అవతలి గట్టు ఎక్కాలి, ఎక్కుతూ ఉంటే పెళ్ల వెనక్కి వాలుతోంది, రెండు చేతులతో అదిమిపట్టాను. వెనక ఇసుకలో నడక వినబడింది. మెట్టెలు రాళ్లకు తగిలిన చప్పుడు. నన్ను ఆపడానికి వస్తోంది అనుకున్నాను. ఆపితే ఆగను అనుకున్నాను. ఆగుతానేమో అని కూడా అనుకున్నాను.

ఆమె నన్ను దాటి గట్టు ఎక్కింది. నా వైపు చూడలేదు. నడుము మీద ఒక చేయి పెట్టి మెల్లగా వంగి, చిలుకమ్మ చెలకలోంచి దుక్కి పెళ్ల ఒకటి రెండు చేతులా లేపి, కొంగు చుట్ట చుట్టి తల మీద పెట్టుకుంది. చిలుకమ్మ చేతిలో రాయి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెనక ఒర్రె గట్టు మీంచి యాకయ్య తాత పిలిచాడు. బిడ్డా, ఆడోళ్లు మొయ్యొద్దు, వట్టి మనిషివి గూడ గావు అని.

“తుమ్మ మండలు మోసిన్నాడు వద్దనలే గద తాతా. అప్పుడు గూడ ఆడిదాన్నే.”

గొంతు పెంచలేదు. అందరికీ వినబడింది. తాత కర్ర ఇసుకలో గుచ్చుకుంటూ దిగిన చప్పుడు, అటు తర్వాత ఆయన గొంతే, రాళ్లు పట్టుకున్నవాళ్లతో, నిలబడ్డరేంది, ఇన్నరు గద నిన్నటి మాట, నడువుండ్రి. సుదర్శన్ ఏదో అంటున్నాడు, వకీలు మాటలు, ఇంగ్లీషు కూడా కలిసింది. రాయి నేల మీద దించిన బరువైన చప్పుడు ఒకటి వచ్చింది. పాతుతున్నారో, పారేసి పోతున్నారో తిరిగి చూసే వీలు లేదు. శ్రీపాల్ రేపు పట్నంలో ఏం చెబుతాడో, పేపర్లు ఏ పేరు పెడతాయో, పార్టీ నన్ను ఉంచుతుందో తీసేస్తుందో, ఉంచితే అదే కుర్చీలో అలాగే కూర్చుంటాను, తీసేస్తే గొర్లున్నాయి.

అండాలు ముందు నడుస్తోంది. సంఘం రోజుల్లో నేను తాడు పట్టి కొలిచి పంచినప్పుడు దొర పశువులకు దారి ఉండనీ అని ఉత్తరపు మూల ఒక ముక్క వదిలిపెట్టాను, తగాదా పెరగకుండా, పెద్దల మాట విని. ఆ ముక్కకు ఇవతలే మళ్లుతుందని నేను అనుకున్న చోట ఆమె మళ్లలేదు. ఆ మూలను కూడా లోపల వేసుకుంటూ, తుమ్మ మొద్దులు కాలిన ఆఖరి మచ్చ దాకా, వాళ్ల నాయిన గొడ్డలి ఎక్కడ ఆగిందో అక్కడి దాకా పోతోంది. అంత దూరం ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు. తల మీద మన్ను సరిచేసుకుని, ఆమె అడుగు పడ్డ చోటే నా అడుగు వేశాను.